'మాక్‌బెత్' చదవకుండా కురొసావాని చూడొచ్చా? పాత జపాన్ సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "జపాన్ దర్శకుడు కురొసావా గొప్పవాడని అందరూ అంటుంటే, షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' ఆధారంగా ఆయన తీసిన 'త్రోన్ ఆఫ్ బ్లడ్' పెట్టుకున్నాను. నలభై నిమిషాలకే నిద్ర ముంచుకొచ్చింది. నేను షేక్‌స్పియర్‌నీ రష్యన్ రచయితల్నీ చదవకపోవడం వల్లేనా? ముందు ఆ పుస్తకాలు చదివి రావాలా? ఏ వరసలో చూడాలి?"

ముందు చదవక్కర్లేదు. సినిమా ముందు, పుస్తకం తర్వాత. ఆ పుస్తకం కూడా మొత్తం అక్కర్లేదు, పది పదిహేను పేజీలు చాలు. మొదలుపెట్టాల్సింది మాత్రం 'త్రోన్ ఆఫ్ బ్లడ్'తో కాదు, 'ఇకిరు'తో. దాని తర్వాత 'హై అండ్ లో', ఆ తర్వాత మళ్లీ 'త్రోన్ ఆఫ్ బ్లడ్', చివర్లో 'రాన్'. నిద్ర వచ్చినందుకు మీరేం చిన్నబుచ్చుకోనక్కర్లేదు. వరస తప్పింది, అంతే.

నేను కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పేవాణ్ణి. ఇరవై రెండేళ్లుగా మా ఊళ్లో నెలకో సినిమా వేసే చిన్న ఫిల్మ్ క్లబ్బు నడుపుతున్నాను. మొదట్లో నేనూ తిరగేసి చేశాను. 'త్రోన్ ఆఫ్ బ్లడ్' వేసే ముందు 'మాక్‌బెత్' సారాంశం నాలుగు పేజీలు జిరాక్స్ తీయించి అందరికీ పంచాను. సినిమా అయ్యాక చర్చంతా "మంత్రగత్తెలు ముగ్గురు కదా, ఇక్కడ ఒక్కతే ఏమిటి?", "మాక్‌డఫ్ ఏడీ?" అంటూ క్లాసులో హాజరు పిలిచినట్టు సాగింది. తెర మీద ఏం జరిగిందో ఎవరూ మాట్లాడలేదు. తప్పు వాళ్లది కాదు, ఆ జిరాక్స్ కాగితాలది. మరుసటి ఏడాది ఏ కాగితమూ ఇవ్వకుండా అదే సినిమా వేశాను. ఆ రాత్రి ఒంటిగంట దాకా ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు.

అప్పటి నుంచి నేను పట్టుకున్న సూత్రం ఒకటే. దర్శకుడు పుస్తకంలోంచి ఏం తెచ్చాడన్నది రెండో సంగతి. ఏం వదిలేశాడు, వదిలిన చోట ఏం పెట్టాడు అన్నదే అసలు సంగతి. సినిమా రుచి అక్కడే ఉంటుంది.

'ఇకిరు' (1952) తీసుకోండి. ఆ మాటకు 'బతకడం' అని అర్థం. టాల్‌స్టాయ్ 1886లో రాసిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' దీనికి ప్రేరణ. రెండింట్లోనూ ఒక ఉద్యోగి, జబ్బు చేసి చావు దగ్గరపడ్డాక, ఇన్నాళ్లూ బతికింది అసలు బతుకేనా అని తెలుసుకుంటాడు. కథగా చెప్పుకుంటే పోలిక ఇంతే.

సినిమా కడుపు ఎక్స్‌రేతో మొదలవుతుంది. ఇది మన కథానాయకుడి కడుపు, క్యాన్సర్ ఉంది, పాపం ఆయనకింకా తెలీదు అని వెనకనుంచి ఒక గొంతు చెబుతుంది. తర్వాత మున్సిపల్ ఆఫీసు. వతనబే (తకాషి షిమురా) కాగితాల గుట్టల మధ్య కూర్చుని ముద్రలు కొడుతుంటాడు. ముద్రకు అంటిన మురికి తుడవడానికి సొరుగులోంచి ఒక పాత దస్తా తీసి పైకాగితం చింపుతాడు. అది ఒకప్పుడు ఆయనే రాసిన ప్రతిపాదన, ఆఫీసు పనితీరు మెరుగుపరచడం ఎలా అన్నదాని మీద. కెమెరా దాని మీద కాసేపు కూడా ఆగదు. ఆ మనిషి యవ్వనంలో ఏ ఆశతో ఆ కుర్చీలో కూర్చున్నాడో, ఇప్పుడు ఆ ఆశ ఎందుకు పనికొస్తోందో ఒక్క మాట లేకుండా తేలిపోతుంది. టాల్‌స్టాయ్ ఇవాన్ ఇల్యీచ్ ఉద్యోగ జీవితాన్ని పేజీల కొద్దీ చెప్పుకొస్తాడు. కురొసావా ఆ పేజీల స్థానంలో చిరిగిన కాగితం పెట్టాడు.

ఇంకో పెద్ద మార్పు ఉంది. టాల్‌స్టాయ్ కథ చావు కబురుతోనే మొదలవుతుంది. తోటి ఉద్యోగులు పేపర్లో చూసి, అయ్యో అనుకుంటూనే, ఆయన ఖాళీ చేసిన కుర్చీ ఎవరికొస్తుందా అని లెక్కలు వేసుకుంటారు. ఆ తర్వాతే ఆయన జీవితం వెనక్కి వెళ్లి చదువుతాం. కురొసావా ఈ ముక్కను తీసుకెళ్లి చివర పెట్టాడు. సినిమా మూడింట రెండు వంతులు గడిచేసరికి కథానాయకుడు చనిపోతాడు. మిగతా సినిమా అంతా ఆయన ఫొటో ముందు కూర్చున్న ఆఫీసువాళ్ల మాటలే. పేటలో మురికిగుంట పూడ్పించి పిల్లల పార్కు కట్టించింది ఆయన కాదని, పై అధికారులేనని వాదించుకుంటారు. అప్పుడు ఆ పేట ఆడవాళ్లు లోపలికి వస్తారు. ఎవరితోనూ మాట్లాడరు. ఫొటో ముందు అగరుబత్తి వెలిగించి ఏడుస్తారు, వెళ్లిపోతారు. గదిలో కూర్చున్న అధికారులు తల ఎత్తలేరు.

మొదటి భాగంలో ఇదే ఆడవాళ్లు అర్జీ పట్టుకుని ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి, ఆ సెక్షన్ నుంచి ఈ సెక్షన్‌కి తిరగడం చూస్తాం. మా క్లబ్బులో ఇది వేసిన రోజు రిటైరైన ఒక పెద్దాయన వచ్చారు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసినవారు. సబ్‌టైటిల్స్ చదవడం కష్టమని మధ్యలోనే చదవడం మానేశారట. అయ్యాక నా దగ్గరకొచ్చి, "మాస్టారూ, ఆ ఆడవాళ్లని తిప్పి పంపినవాళ్లలో నేనూ ఉన్నానండీ" అన్నారు. అంతకు మించి ఏం మాట్లాడలేదు. టాల్‌స్టాయ్ పేరు కూడా ఆయన విని ఉండకపోవచ్చు. సినిమా మాత్రం ఆయనకు పూర్తిగా అందింది. "చదవాలా?" అని ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఆయనే.

చదివితే అదనంగా ఏమొస్తుందో కూడా చెప్పాలి. టాల్‌స్టాయ్ కథలో గెరాసిమ్ అనే పనివాడు రోగి కాళ్లు తన భుజాల మీద ఎత్తి పట్టుకుని రాత్రిళ్లు కూర్చుంటాడు. ఇల్లంతా అబద్ధాలాడుతుంటే ఆ కుర్రాడొక్కడే నిజంగా జాలిపడతాడు. సినిమాలో ఆ చోట తోయో అనే అమ్మాయి ఉంటుంది. ఆఫీసు విసుగొచ్చి మానేసి బొమ్మల ఫ్యాక్టరీలో చేరుతుంది. ఆమె జాలిపడదు, ముసలాయన వెంటపడుతుంటే భయపడుతుంది కూడా. తాను చేసిన తాళం కుందేలు బొమ్మను హోటల్ బల్ల మీద గెంతించి, ఇవి చేస్తుంటే దేశంలో పిల్లలందరితో స్నేహం చేసినట్టుంటుంది, మీరూ ఏదైనా చేయరాదా అంటుంది. ఆయన ఆ బొమ్మ పట్టుకుని మెట్లు దిగి పరుగెడతాడు. అదే హోటల్లో ఎవరిదో పుట్టినరోజు. ఆ అమ్మాయి మెట్లెక్కి వస్తుంటే స్నేహితులు పైనుంచి 'హ్యాపీ బర్త్‌డే' పాడుతుంటారు. పాట ఆ అమ్మాయి కోసమే, కానీ మనం చూస్తున్నది దిగి వెళ్తున్న ముసలాయన్ని. టాల్‌స్టాయ్ మనిషికి చావు క్షణంలో వెలుగు కనిపిస్తుంది. కురొసావా మనిషికి చావుకు చాలా ముందే, మెట్ల మీద కనిపిస్తుంది, ఆ మిగిలిన రోజుల్లో ఆయన పని చేస్తాడు. ఈ తేడా పట్టుకుంటే చాలు, ఒక సాయంత్రం అంతా ఆలోచించుకోవచ్చు.

వతనబే మంచులో ఉయ్యాల ఊగుతూ పాడే పాట సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. అది సినిమా కోసం రాసింది కాదు. 'గొండోలా పాట' అని 1915 నాటిది. టోక్యోలో తుర్గేనెవ్ నవల 'ఆన్ ది ఈవ్'ను నాటకంగా ఆడినప్పుడు అందులో పాడటానికి కట్టారు. అంటే టాల్‌స్టాయ్ స్ఫూర్తితో తీసిన సినిమాలో మనిషి చివరిసారి పాడుకునేది తుర్గేనెవ్ నాటకంలోంచి వచ్చిన పాట. 1952 నాటికి జపాన్ ప్రేక్షకుడికి ఇది పరాయి పాట కాదు, అమ్మానాన్నల కాలం పాట. రష్యన్ సాహిత్యం వాళ్ల ఇళ్లలో అంతగా కలిసిపోయింది. కురొసావా పుట్టిన 1910లోనే గోర్కీ 'లోయర్ డెప్త్స్' నాటకం టోక్యోలో ప్రదర్శించారు. 1921లో వచ్చిన 'సోల్స్ ఆన్ ది రోడ్' అనే మూకీ సినిమాలో సగం కథ ఆ నాటకం నుంచి తీసుకున్నదే. త్సుబొచి షోయో అనే ఆయన 1928 కల్లా షేక్‌స్పియర్ రచనలన్నీ జపనీస్‌లోకి తెచ్చేశాడు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలతో గోర్కీ మన ఇళ్లకు రావడానికి చాలా ఏళ్ల ముందు మాట ఇది. మనకూ ఇలాంటి పని తెలుసు. కందుకూరి వీరేశలింగం గారు 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి' చేసినప్పుడు ఊళ్లూ పేర్లూ మార్చేసి మన కథ చేసేశారు. కురొసావా చేసింది ఆ దారిలోదే, మరింత లోతుకు వెళ్లాడు.

ఇక మిమ్మల్ని నిద్రపుచ్చిన 'త్రోన్ ఆఫ్ బ్లడ్' (1957). జపనీస్ పేరు 'సాలెగూడు కోట'. షేక్‌స్పియర్ పద్యం ఒక్కటీ ఇందులో లేదు. మాటలే ప్రాణమైన నాటకంలోంచి మాటలు తీసేస్తే ఏం మిగులుతుంది? ఒక్క ఘట్టం చెబుతాను, మళ్లీ చూసేటప్పుడు దాని కోసం ఆగండి.

రాజు అతిథిగా వచ్చి కోటలో పడుకున్నాడు. మాక్‌బెత్ స్థానంలో ఉన్న వషిజు (తొషిరో మిఫునే), భార్య అసాజి (ఇసుజు యమదా) ఉన్న గది అంతకుముందు ఒక రాజద్రోహి చచ్చిన గది. గోడల మీద నెత్తుటి మరక ఇంకా పోలేదు. కాపలావాళ్లకు మత్తుమందు కలిపిన సాకే (బియ్యపు సారా) ఇవ్వాలి. అసాజి లేచి నడుస్తుంది, వెనకనున్న చీకటి గుమ్మంలోకి వెళ్లి పూర్తిగా మాయమవుతుంది. తెర మీద నల్లటి ఖాళీ తప్ప ఏమీ లేదు. పట్టుబట్ట నేల మీద ఈడ్చుకుపోయే గరగర మాత్రం వినిపిస్తూ ఉంటుంది. కాసేపటికి ఆ నలుపులోంచే జాడీ పట్టుకుని తెల్లటి ముఖంతో తిరిగి వస్తుంది. సంగీతం లేదు, మాట లేదు. తర్వాత వషిజు హత్య చేయడానికి వెళ్తే కెమెరా అతని వెంట వెళ్లదు, ఆమె దగ్గరే ఉంటుంది. అతను తిరిగొచ్చేసరికి చేతులు బల్లేనికి బిగుసుకుపోయి ఉంటాయి. ఆమె వేళ్లు విడదీసి బల్లెం లాక్కోవాల్సి వస్తుంది. షేక్‌స్పియర్‌లో మాక్‌బెత్ ఈ చేతుల నెత్తురు కడగడానికి సముద్రాలు చాలవంటాడు. ఇక్కడ ఆ మాట లేదు, వదలని వేళ్లున్నాయి.

ఇది చూశాక 'మాక్‌బెత్' తెరిచి మొదటి అంకం ఏడో రంగం, రెండో అంకం రెండో రంగం మాత్రం చదవండి. అప్పుడు షేక్‌స్పియర్ కూడా కొత్తగా కనిపిస్తాడు. నా స్టూడెంట్స్‌కి నేనెన్ని పాఠాలు చెప్పినా రాని ఉత్సాహం ఈ వరసలో చదివినప్పుడు వచ్చింది.

అసాజి ముఖం కదలదేమిటని మీకు అనిపించి ఉంటుంది. అది 'నో' నాటకం నుంచి, అంటే ముసుగులు వేసుకుని నెమ్మదిగా ఆడే జపాన్ సంప్రదాయ నాటకం నుంచి వచ్చింది. కురొసావా షూటింగ్‌కు ముందు నటులకు 'నో' ముసుగుల ఫొటోలు చూపించి, ఇదీ నీ ముఖం అన్నాడు. అడవిలో రాట్నం తిప్పే ఒంటరి భూతం కూడా ఆ సంప్రదాయంలోదే, అందుకే మంత్రగత్తెలు ముగ్గురు కారు. నెమ్మది సంగతి కూడా అంతే. మన పద్యనాటకం చూసినవాళ్లు ఉంటే వాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది. నటుడు పద్యం చివర రాగం అందుకుని నిమిషాల కొద్దీ సాగదీస్తాడు, కథ అక్కడే ఆగిపోతుంది, జనం ఈలలు వేసి వన్స్ మోర్ అంటారు. కథ ఎందుకు కదలట్లేదని ఎవరూ టెన్షన్ పడరు. అసాజి నడకను ఆ రాగంలా వినండి.

ముగింపు గురించి ఒక్క మాట. మాక్‌బెత్‌ని మాక్‌డఫ్ చంపుతాడు, ధర్మం నిలబడుతుంది, కొత్త రాజు వస్తాడు. వషిజుని చంపేది సొంత సైనికులు, వందల బాణాలతో. ఆ దృశ్యంలో నిజమైన బాణాలే వాడారు, మిఫునే ముఖంలో భయం అందుకే అలా ఉంటుంది. తర్వాత మళ్లీ పొగమంచు, కోట ఒకప్పుడు ఇక్కడుండేదని చెప్పే గుర్తు. మంచి రాజు ఎవరూ రారు. యుద్ధంలో ఓడి పన్నెండేళ్లయిన దేశం తీసిన సినిమా ఇది. ఆ సంగతి మనసులో పెట్టుకుంటే ఈ మార్పు ఎందుకో నాకైతే వేరే వివరణ అక్కర్లేదనిపిస్తుంది.

'రాన్' (1985) మీకు చివర పెట్టమన్నాను, ఎందుకంటే అది కురొసావా 75 ఏళ్ల వయసులో తీసింది, అంతకుముందు సినిమాలు చూసినవాళ్లకు దాని బరువు తెలుస్తుంది. దీనికి ఆధారమైన షేక్‌స్పియర్ 'కింగ్ లియర్'లో ముసలి రాజు రాజ్యం పంచేది కూతుళ్లకు, ఇక్కడ కొడుకులకు. ముసలి హిదెతొర ముగ్గురు కొడుకులకూ తలా ఒక బాణం ఇచ్చి విరవమంటాడు, విరిచేస్తారు. మూడూ కలిపి ఇస్తే పెద్దవాళ్లిద్దరికీ విరగవు. ఇంతవరకూ ఇది మనం చిన్నప్పుడు చదివిన కట్టెల మోపు కథే. వాళ్లకు మోరి మొతొనరి అనే సామంతుడి పేరు మీద చెప్పుకునే కథ. అయితే సినిమాలో చిన్నవాడు మూడింటినీ మోకాలికి ఆనించి పటుక్కున విరిచేస్తాడు. నీతికథ అక్కడితో సరి.

షేక్‌స్పియర్ లియర్ గతం చెప్పడు. యవ్వనంలో ఎలాంటివాడో మనకు తెలీదు, అందుకే అతని మీద జాలి సులువుగా పుడుతుంది. కురొసావా ఆ ఖాళీ పూరించాడు. హిదెతొర ఆ రాజ్యం సంపాదించింది కోటలు తగలబెట్టి, పెళ్లిచేసి తెచ్చుకున్న కోడళ్ల కుటుంబాలనే చంపి, ఒక పిల్లవాడి కళ్లు పొడిపించి. పెద్ద కోడలు కయెదే పగ అక్కడి నుంచే. ఇప్పుడు ఆ ముసలాయన గాలివానలో పిచ్చివాడై తిరుగుతుంటే జాలిపడాలా వద్దా అని ప్రేక్షకుడు తేల్చుకోలేడు. మా దగ్గర దీని మీద జరిగినంత గొడవ ఏ సినిమాకీ జరగలేదు. ఆస్తి పంపకాలు చూసిన ఇళ్లవాళ్లు కదా అందరూ. మూడో కోట మీద దాడి జరిగేటప్పుడు శబ్దం గమనించండి. కత్తులు, అరుపులు ఏవీ వినిపించవు, తకెమిత్సు సంగీతం ఒక్కటే. ఒక్క తుపాకీ పేలుడుతో పెద్ద కొడుకు కూలినప్పుడు ప్రపంచంలోని శబ్దమంతా ఒక్కసారి తిరిగొస్తుంది.

థ్రిల్లర్లు ఇష్టమైతే 'హై అండ్ లో' (1963) మిమ్మల్ని నిద్రపోనివ్వదు. ఎడ్ మెక్‌బెయిన్ అనే అమెరికన్ పోలీసు నవలల రచయిత దగ్గర తీసుకున్న కథ, డబ్బున్నవాడి కొడుకనుకుని డ్రైవర్ కొడుకుని ఎత్తుకుపోతారు. పశ్చిమ ప్రభావం అంటే షేక్‌స్పియర్ ఒక్కడే కాదని, పాకెట్ బుక్ కూడా అని తెలియడానికి ఇది మంచిది. దొస్తొయేవ్‌స్కీ 'ఇడియట్' ఆధారంగా 1951లో తీసినది మాత్రం ఇప్పుడే వద్దు. నాలుగున్నర గంటల దాకా ఉన్న సినిమాను నిర్మాణ సంస్థ 166 నిమిషాలకు కోసేసింది, కథ గెంతుతున్నట్టుంటుంది. అయినా ఆ హొక్కైడో మంచు, ఆ ముఖాలు నాకు చాలా ఇష్టం. నవల బాగా తెలిసినవాళ్లు చూడాల్సిన సినిమా. నేను చెప్పే సూత్రానికి ఇదొక్కటే మినహాయింపు.

కురొసావా దగ్గరే ఆగిపోకండి. మిజోగూచి 'ఉగెత్సు' (1953) 1776 నాటి జపనీస్ దెయ్యం కథల పుస్తకం నుంచి వచ్చింది. అందులో సమురాయ్ కావాలని పిచ్చెత్తిన తోబే కథకు మాత్రం ఫ్రెంచ్ రచయిత మపాసా రాసిన ఒక కథ ఆధారం. మపాసాలో మొగుడు గౌరవ పతకం కోసం తహతహలాడతాడు, పెళ్లాం ప్రియుడి పుణ్యమా అని అది దొరుకుతుంది, నవ్వుకుంటాం. మిజోగూచిలో మొగుడికి గుర్రం, కవచం, హోదా దొరికేసరికి పెళ్లాం వేశ్యాగృహంలో ఎదురవుతుంది. ఇల్లాలి వైపు నుంచి చూసేసరికి నవ్వు మాయమైపోయింది.

ఒక జాగ్రత్త. ప్రతిదానికీ పశ్చిమ మూలం వెతకకండి. 'రషొమోన్' (1950) పూర్తిగా జపనీస్ రచయిత అకుతాగావా కథల మీద నిలబడింది. ఆయన ఇంగ్లిష్ సాహిత్యం చదువుకున్నవాడే, అమెరికన్ రచయిత బియర్స్ కథ ఒకటి దాని వెనక ఉందని విమర్శకులు అంటారు, కానీ సినిమా చూడటానికి ఆ సమాచారం పనికిరాదు. ఒజు 'టోక్యో స్టోరీ' (1953) వెనక ఉన్నది సాహిత్యం కాదు, 1937 నాటి హాలీవుడ్ సినిమా. అది చూడకపోయినా, పిల్లల ఇంటికెళ్లి బరువైపోయిన తల్లిదండ్రులు ఎవరో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చూసే పద్ధతి గురించి చివరగా. రాత్రి భోంచేశాక పడుకుని చూడకండి, ఆదివారం పొద్దున చూడండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. మంచి ఇయర్‌ఫోన్స్ ఉంటే వాడండి, ఆ పట్టుబట్ట గరగర టీవీ స్పీకర్లో వినిపించదు. పేర్లు గుర్తుండకపోతే పాత్రల పేర్లు నాలుగు ఒక కాగితం మీద రాసుకోండి. స్పీడ్ పెంచి మాత్రం చూడొద్దు. 'ఇకిరు' 143 నిమిషాలు, కథానాయకుడు చనిపోయిన చోట ఒక పది నిమిషాలు ఆపుకుని టీ తాగి మళ్లీ కూర్చోండి, తప్పులేదు. అయ్యాక టాల్‌స్టాయ్ కథ మొదటి అధ్యాయం చదవండి. సినిమాలో, వతనబే చనిపోయిన రాత్రి పార్కు దగ్గర గస్తీ తిరిగిన పోలీసు ఒక టోపీ పట్టుకుని వస్తాడు, ఆ ఘట్టం మీకెలా అనిపించిందో ఇక్కడ రాయండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.